పెరటికోళ్ళలో జబ్బుపడిన పిల్ల

విశాఖపట్టణమును రేవుపట్టణమనియు, ఉక్కునగరమనియు లోకము చెప్పుకొనుచున్నది గాని, ఈ నగరపు పెరళ్ళలో నేటికిని తెల్లవారుజామున కోడికూత వినబడుచునే యున్నది. ఉక్కు కర్మాగారమునకై భూములు విడిచి గాజువాక, పెదగంట్యాడ ప్రాంతములలో స్థిరపడిన కుటుంబములు పెరటి అలవాటులను కూడ వెంట తెచ్చుకొన్నవి. నాలుగు పెట్టలు, ఒక పుంజు, గంపక్రింద పదిపన్నెండు పిల్లలు. ఈ కోళ్ళు సాధారణముగ ఇల్లాలి సొంత సొమ్ము. పిల్లవాని పుస్తకములకును, పండుగనాటి ఖర్చునకును అక్కరకు వచ్చునది ఇదియే. అందుచేత ఒక పిల్ల రెక్కలు వ్రాల్చి, మూలనొదిగి కునుకుచున్నదనగా అది ఆ ఇంటికి చిన్న విషయము కాదు. వెంటనే తెలిసికొనవలసినది ఒకటే: ఈ జబ్బు ఆ ఒక్క పిల్లదా, లేక గుంపునంతను తుడిచిపెట్టునదా?

ఈ ప్రశ్నకు సమాధానము దొరకకముందే చేయవలసిన పని ఒకటి కలదు. ఆ పిల్లను వేరుచేయవలెను. కోడిపిల్లలన్నియు ఒకే మూకుడులో నీరు త్రాగును. ఒకదాని రెట్టపైన పడిన నూకను మరియొకటి ఏరుకొని తినును. తల్లిని పాసిన పిల్ల దీనముగ అరచును. ఆ అరపు వినలేక సాయంకాలమునకు దానిని మరల గంపక్రిందికి తోసివేయు ఇండ్లు చాల యున్నవి. ఆ జాలి మిగిలిన పిల్లలకు ప్రమాదకరము.

ఒక అట్టపెట్టెలో ఎండు ఊక పరచి, గాలి విసురు తగులని చోట నుంచవలెను. మొదటివారపు పిల్లకు సుమారు 35 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనము కావలెను. తరువాత వారమునకు మూడు డిగ్రీల చొప్పున తగ్గింపవచ్చును. పెట్టెపైన వ్రేలాడగట్టిన విద్యుద్దీపము ఇందుకు చాలును. వేడి సరిపోయినదో లేదో పిల్లయే చెప్పును. దీపము క్రిందికి చేరి ముడుచుకొన్నచో చలి. దూరముగ జరిగి నోరు తెరచి రొప్పుచున్నచో వేడి ఎక్కువ. కొంచెము బెల్లము, చిటికెడు ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిని ముక్కు ప్రక్కన బొట్టుబొట్టుగ నంటింపవలెను. నోరు తెరచి పోయరాదు. ఆ నీరు ఊపిరితిత్తులలోనికి పోయి చంపును. ఆకలి పుట్టిన పిదప మెత్తగ నుడికిన నూకలో, చోడిపిండి ముద్దయో పెట్టవచ్చును.

ఇక రెట్టను పరిశీలింపవలెను. పైన తెల్లని పూత గల గట్టి రెట్ట ఆరోగ్యమునకు గుర్తు. అప్పుడప్పుడు జిగురుగ, గోధుమరంగున బడునది కూడ సహజమే, దానికి భయపడనక్కరలేదు. పుట్టిన రెండు వారములలోపు తెల్లని రెట్ట వెనుకభాగమున అంటుకొని గడ్డకట్టినచో, గోరువెచ్చని నీట తడిపి మెల్లగ తొలగింపవలెను. ఇది చలివలనను కలుగవచ్చును, తెల్లపారుడు వలనను కలుగవచ్చును. పలు పిల్లలకు వచ్చినచో వైద్యునికి చూపుట తప్పదు.

మూడునుండి ఆరు వారముల పిల్ల రెట్టలో నెత్తురు కనబడినచో అది చాలవరకు కాక్సీడియోసిస్ అను రక్తపారుడు. విశాఖవంటి తేమనేలలో దీనిని గూర్చి కొంత విపులముగ చెప్పక తప్పదు. కంటికి కనబడని పరాన్నజీవులు పిల్ల ప్రేగుగోడలలో పెరిగి వాటిని చీల్చును. వాటి కోశములు రెట్టతో బయటపడును. బయటపడిన క్షణమున అవి హాని చేయజాలవు. తేమ, వెచ్చదనము, గాలి దొరికి ఒకటి రెండు దినములు గడచినగాని వాటికి ఆ శక్తి రాదు. అనగా ప్రతిదినము తడి ఊకను తీసివేసిన ఇల్లాలు ఆ వ్యాధిని సగము దారిలోనే ఆపుచున్నదన్నమాట. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ వంటి తుపానే రానక్కరలేదు, నాలుగు దినముల ముసురు చాలును, గూటిలోని ఊక ముద్దయగుటకు. సాధారణమైన క్రిమిసంహారక ద్రవములు ఆ కోశములను ఏమియు చేయలేవు. మరుగునీరును, ఎండయు వాటికి మందు. పిల్లలకు మాత్రము వైద్యుడు చెప్పిన మోతాదున ఆంప్రోలియం త్రాగునీటిలో కలిపి యియ్యవలెను. ఈ మందు బి-1 విటమినును పోలియుండి, దానికై వెదకు పరాన్నజీవిని మోసగించి మాడ్చును. కావున అదే సమయమున బలమునకని బి విటమిను టానిక్కు పోయువారు తమ మందును తామే చెరుపుకొనుచున్నారు.

రేవుపట్టణమునకు తగిన మరియొక ప్రమాదము కలదు. ఎండుచేపల పొట్టు కోళ్ళకు బలమని వేయుట ఇక్కడ వాడుక. ఉప్పు పట్టిన చేప చిన్నపిల్లలకు విషతుల్యము. విపరీతమైన దాహము, నీళ్ళ విరేచనములు, తూలుడు కలుగును. నీరు చాలనిచో మరణము త్వరపడును. ఉప్పులేని చేపను ఉడికించి కొలదిగ పెట్టుటలో దోషము లేదు.

ఇవన్నియు ఒక ఎత్తు, కొక్కెర తెగులు ఒక ఎత్తు. పిల్ల నోరు తెరచి గురకపెట్టుచు, పచ్చగ పారుచు, మెడ మెలిపడి కాలు ఈడ్చుచున్నచో ఈ తెగులునే శంకింపవలెను. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్ వద్దను, జావాద్వీపమునను ఇది గుర్తింపబడెను. ఓడలమీదుగ వ్యాపించియుండునని శాస్త్రజ్ఞుల ఊహ. కొలదికాలమునకే మన కుమావూ కొండలలోని రాణిఖేత్‌లో కనబడి, మన దేశమున ఆ యూరి పేరు తెచ్చుకొన్నది. దీనికి మందు లేదు. టీకా మాత్రము కలదు. చిత్రమేమన, పెద్దకోళ్ళకు వేయు ఆర్ 2 బి టీకా బీజము కూడ ఆ కొండలలోని ముక్తేశ్వర్‌ సంస్థనుండియే వచ్చినది. మొదటి వారమున లసోటా చుక్క కంటిలోనో ముక్కులోనో వేసి, నాలుగు వారములకు మరల వేసి, సుమారు ఎనిమిది వారములకు ఆర్ 2 బి సూదిమందు ఇప్పింతురు. జబ్బుపడిన పిల్లకు టీకా వేసి ప్రయోజనము లేదు.

పేదింటికి అడ్డము వచ్చునది టీకా వెల కాదు, సీసా పరిమాణము. ఒక్కొక్క సీసాలో నూరు కోళ్ళకు పైగా సరిపడు మందుండును. కలిపిన పిదప అది గంట రెండుగంటలకు మించి నిలువదు. పది పిల్లలకై సీసా విప్పు వారెవరు? వీధిలోని పదిపదిహేనిండ్లవారు ఒకేదినము నిర్ణయించుకొని, మంచుపెట్టెలో తెప్పించి, చల్లని వేళ వేయించుకొనుటయే దీనికి ఉపాయము.

తెగులు సోకినదని తెలియగానే మిగిలిన కోళ్ళను హడావుడిగ సంతలో అమ్మివేయుట లోకమున కలదు. నష్టము తప్పించుకొనవలెనను ఆరాటము మాకు తెలియనిది కాదు. కాని ఆ కోడి ఏ ఇంటి గంపక్రిందికి చేరునో, ఆ ఇంటివారును ఇటువంటివారే. ఒకటి రెండు దినములలో గుంపులోని పలుకోళ్ళు హఠాత్తుగ చచ్చినచో పశువైద్యశాలకు తెలుపుట 2009వ సంవత్సరపు చట్టము ప్రకారము విధి కూడ. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్‌ఫ్లూ కనబడిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండును. అట్టి కోళ్ళను ఉత్తచేతులతో ముట్టరాదు, కోసి వండరాదు, పిల్లలను దరికి రానీయరాదు.

చచ్చినదానిని కాలువలో పారవేయక, కుక్కలు త్రవ్వలేనంత లోతున గోయి తీసి, సున్నము చల్లి పూడ్చవలెను. అట్టపెట్టెను కాల్చివేయవలెను. గూటిని కడిగి, ఎండబెట్టి, కొన్ని వారములు ఖాళీగ నుంచవలెను. తరువాత సంతనుండి తెచ్చిన పెట్టను రెండు వారములు వేరుగ కట్టి చూచి, పిదప గుంపులో కలుపవలెను.