వరుస నెత్తిన ఒక అంకె

155 రోజులు పట్టే పని 14 రోజులకు దిగింది. 2004-05లో మైక్రోసాఫ్ట్ సొంత ఐటీ విభాగానికి హైదరాబాద్ నుంచి పనిచేసిన చిన్న బృందం లెక్క ఇది. 3 డెవలపర్లు, 3 టెస్టర్లు ఉండేవారు. డేవిడ్ ఆండర్సన్ అనే నిపుణుడి సలహాతో వాళ్లు రెండు ముఖ్యమైన మార్పులు చేశారు. ఏ పనికి ఎన్ని రోజులు పడుతుందో ముందే అంచనా కట్టివ్వడం మానేశారు. చేతిలో పని తగ్గేదాకా కొత్తది తీసుకోబోమన్నారు. విచిత్రమేమిటంటే, అక్కడ గోడ మీద కార్డుల బోర్డే లేదు.

బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతూ ప్రాజెక్టుగా పనుల బోర్డు రాద్దామనుకునేవాళ్లకు ఈ కథ తెలియాలి. చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి అని 3 వరుసలు గీసి, మౌస్‌తో కార్డుల్ని లాగడం వస్తే చాలనుకుంటాం. అంతవరకూ అయితే ట్రెల్లో అనే యాప్ 2011లోనే ఇచ్చింది; 2017లో దాన్ని 42.5 కోట్ల డాలర్లకు కొన్న అట్లాసియన్‌కు బెంగళూరులోనూ ఆఫీసుంది. ట్రెల్లోకి నకలు తీస్తే మార్కులు రావచ్చు, మన పని మాత్రం తగ్గదు.

చేతిలో పనికి హద్దు పెట్టే ఈ పద్ధతికి పుట్టిల్లు టయోటా. మైసూరు రోడ్డులో బిడది దగ్గరున్న కార్ల ఫ్యాక్టరీ ఆ కంపెనీదే. తర్వాతి దశవాళ్లు అడిగితేనే అంతకుముందు దశ నుంచి సరుకు కదలాలన్నది వాళ్ల సూత్రం. దాని వెనకున్న గణితాన్ని 1961లో జాన్ లిటిల్ అనే పరిశోధకుడు నిరూపించాడు: చేతిలో ఉన్న పనుల్ని రోజుకు అయ్యే పనులతో భాగిస్తే, ఒక్కో పనికి సగటున పట్టే రోజులు వస్తాయి. 12 పనులు చేతిలో ఉండి రోజుకు 3 పూర్తయితే 4 రోజులు. అదే వేగంతో చేతిలో 6 మాత్రమే ఉంచుకుంటే 2 రోజులు.

ఇక కోడ్ సంగతి. డేటాకి ఎస్‌క్యూలైట్ చాలు. అంతా ఒకే ఫైలు, సర్వర్ అక్కర్లేదు. కార్డుల క్రమమే తిప్పలు పెడుతుంది. 1, 2, 3 అని నంబర్లిస్తే పైన ఒకటి దూర్చిన ప్రతిసారీ కిందివన్నీ మార్చాలి. 1000, 2000, 3000 అని ఎడం ఇస్తే మధ్యలోకి వచ్చేదానికి 1500 ఇవ్వచ్చు. కానీ పూర్ణాంకాలతో అదే చోట 9 సార్లు దూర్చాక సందు మిగలదు, మళ్లీ నంబర్లు వేయాల్సిందే. కార్డు ఏ వరుసలోకి ఏ క్షణాన వచ్చిందో కూడా రాసిపెట్టండి. అది లేకపోతే 155, 14 లాంటి అంకెలు మీకెప్పటికీ దొరకవు.

‘చేస్తున్నవి’ వరుస నెత్తిన 3 అని రాసి, నాలుగో కార్డును లోపలికి రానివ్వని షరతుకు నాలుగైదు లైన్ల కోడ్ చాలు. రంగులు, ఐకాన్ల జోలికి పోకముందే అది రాయండి.