పచ్చదీపం వెలిగితే చాలునా?

మన కాలేజీలో బ్లాగులు రాసే మిత్రులు కొందరున్నారు. వర్డ్‌ప్రెస్‌లో యోస్ట్ వంటి ఎస్‌ఇఓ ప్లగిన్ పెట్టుకుని, పచ్చదీపం వెలగగానే ఇక పాఠకులు వచ్చేసినట్లే అనుకుంటారు. ఇది ఎంతవరకు నిజం?

లైబ్రరీలో కేటలాగు కార్డు చూశారు కదా! ప్లగిన్ పనీ అలాంటిదే. శీర్షికను, క్లుప్త పరిచయాన్ని పొందుపరుస్తుంది. పేజీల పట్టికను, అంటే సైట్‌మ్యాప్‌ను, తయారుచేస్తుంది. ఒకే వ్యాసం రెండు చిరునామాల్లో ఉంటే అసలుది ఏదో సూచిస్తుంది. ఇవన్నీ చేత్తో చేసుకోవాలంటే తలనొప్పే.

కాని కార్డు బాగున్నంత మాత్రాన పుస్తకం బాగుంటుందా? పచ్చదీపం గూగుల్ వేసిన మార్కు కాదు, ప్లగిన్ తన లెక్క ప్రకారం వేసుకున్న మార్కు. కీవర్డ్స్ మెటా ట్యాగును ర్యాంకుకు లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. మనం రాసిన పరిచయాన్ని పక్కనబెట్టి, పేజీలోని మరో వాక్యాన్ని చూపించడమూ కద్దు. 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ వివరించిన పేజ్‌ర్యాంక్ పద్ధతికి ఇతరులిచ్చే లింకులే ఆధారం. వాటిని ఏ ప్లగినూ తెచ్చిపెట్టలేదు.

ఆ దీపం కోసం ఒకే మాటను పదే పదే ఇరికించి, నేనూ ఒక మంచి వ్యాసాన్ని చేజేతులా పాడుచేసుకున్నాను. దీపం వెలిగింది, చదివేవాడే లేడు! పైన పటారం, లోన లొటారం అయితే ఏం లాభం? ముందు చెప్పదగ్గ విషయం ఉండాలి. కార్డు తర్వాత రాసుకోవచ్చు.