గోడ లోపల గ్లాసు... గోడ బయట గ్లాసు!

మొన్న శనివారం దిల్‌సుఖ్‌నగర్‌లో ఫస్ట్ షో చూసి బయటపడ్డాను. ఆ సినిమా కబుర్లు వచ్చేవారం చెబుతాను లెండి. హాలు బయట చూసిన సీను ముందు వినండి!

పక్క సందులో వైన్‌షాపు. దాన్నానుకుని పర్మిట్ రూము. లోపల సగం ఖాళీ. బయట ఫుట్‌పాత్ నిండా ప్లాస్టిక్ గ్లాసులు పట్టుకున్న కుర్రాళ్ళు! నన్ను చూసి ఒకడు గ్లాసు వెనక్కి దాచాడు. 1953 'దేవదాసు'లో అక్కినేని తాగకుండానే తాగినట్టు నటించారు. ఈ దేవదాసులేమో తాగి, తాగనట్టు నటిస్తున్నారు.

"రూములోకి పోరాదా తమ్మీ?" అన్నాను.

"లోపల ఉక్కపోత సార్. ఈడనైతే గాలొస్తది."

1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది. 1997లో అది సడలిపోయింది. ఇప్పుడు షాపువాడు విడిగా ఫీజు కడితే, కొన్న సీసాను ఆ రూములోనే కూర్చుని తాగొచ్చు. గడప దాటితే నేరం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఈ రూములు ఎత్తేశారు, 2025లో మళ్ళీ తెచ్చారు. వీధుల్లో తాగడం తగ్గాలన్నది అప్పుడు చెప్పిన కారణం.

అమెరికా చూసొచ్చిన సినీ మిత్రుడొకాయన, "న్యూ ఆర్లీన్స్‌లో గ్లాసుతో వీధిలో దర్జాగా నడవొచ్చు గురూ! మనకీ అలాంటి వీధొకటి ఉండాలి" అంటాడు. ఆయన చెప్పనిది ఒకటుంది. అక్కడ గాజు గ్లాసు కూడదు, ప్లాస్టిక్‌దే. ఒహాయో రాష్ట్రం 2015లో చేసిన చట్టమైతే ఇంకా గట్టిది. ఏ వీధి నుంచి ఏ వీధి దాకా, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అన్నది ముందే తేల్చాలి. హద్దుల్లో బోర్డులు పెట్టాలి. చెత్త ఎవరెత్తుతారో కూడా రాసివ్వాలి!

మనకి ఒక్క గోడే హద్దు. దాన్నే నిలబెట్టలేకపోతున్నాం, వీధికి గీత గీస్తే ఎవరాగుతారండీ? ఎల్.బి.నగర్‌కు 2018 సెప్టెంబరులో మెట్రో వచ్చింది. రైలు దిగి ఇంటికి నడిచే దారిలోనూ నాకిదే సీను కనబడింది.

ఆ శనివారమే, పుస్తకాల సంచులతో ఇద్దరమ్మాయిలు సందు మొదట్లో ఆగిపోయారు. కోచింగ్ నుంచి హాస్టల్‌కి పోతున్నారట. "నేను తోడొస్తా, పదండమ్మా" అన్నాను.

"వద్దంకుల్, మేం రోజూ చుట్టూ తిరిగే పోతం. పది నిమిషాలే ఎక్కువ" అంటూ మెయిన్ రోడ్డు వైపు మళ్ళారు.