మంటతో ఐసు కట్టే ఫ్రిజ్, దాన్ని ఓడించే ఉక్క

ఇంట్లో ఫ్రిజ్ ఆడాలంటే కంప్రెసర్ తిరగాలి. కానీ అమెరికావాళ్లు సెలవుల్లో వేసుకుని తిరిగే చక్రాల ఇళ్లలో, అంటే ఆర్‌వీలలో, దశాబ్దాలుగా వస్తున్న ఫ్రిజ్‌కి కంప్రెసర్ లేదు, మోటారు లేదు. వెనక అడుగున ప్రొపేన్ గ్యాస్‌తో చిన్న నీలిమంట వెలుగుతుంటే ముందు వైపు ఐసు కడుతుంది. ఇదే ఫ్రిజ్ జులై నెలలో అలబామాలో, టెనెసీ నదికి ఆనకట్ట కట్టగా ఏర్పడిన గంటర్స్‌విల్ సరస్సు ఒడ్డున మాత్రం చతికిలబడుతుంది. మధ్యాహ్నానికి పాలు విరిగిపోతే ‘పాతకాలపు సరుకు’ అని తిట్టేవాళ్లకు కొదవ లేదు. ఆ తిట్టు న్యాయం కాదని నా వాదన. ఈ యంత్రం గొప్పతనం ఎక్కడ పుట్టిందో దాని బలహీనతా అక్కడే పుట్టింది. రెంటినీ విడదీయలేం.

1922లో స్టాక్‌హోంలో బాల్ట్‌జార్ వాన్ ప్లాటెన్, కార్ల్ మంటర్స్ అనే ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు ఈ ఫ్రిజ్‌ని రూపొందించారు. అమోనియాని నీళ్లలో కరిగించి, వేడిచేసి విడదీసి చలి పుట్టించడం అప్పటికే తెలిసిన విద్య. ఫ్రాన్సులో ఫెర్డినాండ్ కారే అంతకు అరవై ఏళ్ల ముందే అలాంటి యంత్రం చేశాడు. చిక్కల్లా పీడనంతోనే. అమోనియా ద్రవంగా మారాలంటే ఎక్కువ పీడనం కావాలి, ఆవిరై చలి పుట్టించాలంటే తక్కువ పీడనం కావాలి. ఈ రెంటి మధ్య పంపు, కవాటం ఉండి తీరాలని అందరూ అనుకున్నారు. ఈ ఇద్దరూ గొట్టాల్లోకి హైడ్రోజన్‌ని కూడా నింపారు. ఇక వ్యవస్థ మొత్తం ఒకటే పీడనం, ఉదాహరణకు 20 వాతావరణాలు అనుకుందాం. ఆవిరిని ద్రవంగా మార్చే గొట్టంలో, అంటే కండెన్సర్‌లో, ఉన్నది దాదాపు అమోనియా ఒక్కటే కనుక ఆ పీడనమంతా దానిదే, కాబట్టి 50 డిగ్రీల దగ్గరే ద్రవమైపోతుంది. ఆ ద్రవం ఫ్రిజ్ లోపలి గొట్టంలోకి జారేసరికి అక్కడ హైడ్రోజన్ నిండి ఉంటుంది. మొత్తం పీడనం మారలేదు. కానీ అందులో 18 వంతులు హైడ్రోజన్‌వైతే అమోనియా వాటా 2 వాతావరణాలే. ఆవిరి కావడానికి లెక్కలోకి వచ్చేది తన వాటా ఒక్కటే కనుక, అమోనియా సుమారు మైనస్ 18 డిగ్రీల దగ్గరే ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది. డాల్టన్ పాక్షిక పీడనాల సూత్రాన్ని పరీక్ష కోసం బట్టీపట్టిన ప్రతివాళ్లూ ఒక్కసారి ఆగి చూడాల్సిన చోటు ఇది. పంపు చేయాల్సిన పని ఒక వాయువు ఊరికే అక్కడ ఉండి చేసిపెడుతోంది!

తర్వాతి అడుగు ఇంకా ముచ్చటైనది. అమోనియా కలిసిన హైడ్రోజన్ బరువెక్కి కిందికి దిగుతుంది. అక్కడ నీళ్లు అమోనియాని పీల్చుకుంటాయి. నీళ్లలో కరగని హైడ్రోజన్ మళ్లీ తేలికై పైకి పోతుంది. అమోనియా పట్టిన నీళ్లు మంట దగ్గరికి చేరితే, సన్నటి గొట్టంలో పుట్టిన బుడగలు ఎసరు పొంగినట్టు ఆ ద్రావణాన్ని పైకి నెట్టేస్తాయి. నడిపించేవి మంట, భూమ్యాకర్షణ, ఆ రెండే. అరిగే భాగం లేదు, చప్పుడు లేదు. హోటల్ గదుల్లోని చిన్న ఫ్రిజ్‌లలో ఈ పద్ధతి వాడటానికి కారణం ఆ నిశ్శబ్దమే.

కానీ భూమ్యాకర్షణతో నడిచేదానికి నేల సమంగా ఉండాలి. నది ఒడ్డు వాలుగా ఉంటుంది. బండి పక్కకు ఒరిగి చాలాసేపు నిలబడితే ద్రావణం గొట్టాల వంపుల్లో చిక్కుకుపోతుంది, మంట ఖాళీ గొట్టాన్ని కాలుస్తుంది. తుప్పు పట్టకుండా కలిపిన సోడియం క్రోమేట్ గడ్డకట్టి బుడగల దారిని పూడ్చేస్తుంది. ఒకసారి పూడుకుంటే బాగుచేయడం దాదాపు అసాధ్యం.

ఇక వాతావరణం. అరిజోనా ఎడారి ఇంతకంటే వేడి కదా, అక్కడ ఆడే ఫ్రిజ్ ఇక్కడెందుకు ఓడాలి అని అడగవచ్చు. నిజానికి ఎడారి మధ్యాహ్నం ఈ ఫ్రిజ్‌కి అక్కడా కష్టకాలమే. తేడా తేమలో ఉంది. 40 డిగ్రీల ఎడారి గాలిలో తేమ 15 శాతమైతే, ఘనపు మీటరుకు 8 గ్రాముల లోపే నీటి ఆవిరి ఉంటుంది. 33 డిగ్రీల నదీలోయ గాలిలో 65 శాతమైతే 23 గ్రాములు. తలుపు తీసి వేసినప్పుడు 100 లీటర్ల గాలి మారిందనుకోండి. ఆ గాలిని 5 డిగ్రీలకు చల్లార్చడానికి 3 కిలోజౌళ్ల పైచిలుకు చాలు. అందులోని 2 గ్రాముల ఆవిరి ఫ్రిజ్ లోపలి చల్లటి రెక్కల మీద మంచుగా పేరుకోవాలంటే మాత్రం 5 కిలోజౌళ్లకు పైగా లాగాలి. అంటే ఎండకంటే ఉక్కే పెద్ద బరువు. పైగా ఎడారిలో పగటితో పోలిస్తే రాత్రి బాగా చల్లబడుతుంది, ఫ్రిజ్ కొంత కోలుకుంటుంది. ఇక్కడ గాలిలోని ఆవిరి భూమి వేడిని ఆకాశంలోకి అంత తేలిగ్గా పోనివ్వదు, పగటికీ రాత్రికీ తేడా తక్కువ. కండెన్సర్ 50 డిగ్రీల దగ్గర పనిచేయాల్సినప్పుడు ఫ్రిజ్ వెనక గూటిలో గాలి 45కి చేరితే వేడి ఎటు పోతుంది? వెచ్చని నీళ్లు అమోనియాని సరిగా పీల్చుకోవు కూడా.

ఈ ఫ్రిజ్ చరిత్ర కూడా చివరికి ఈ టెనెసీ లోయకే చేరింది. స్వీడన్ కంపెనీ ఎలక్ట్రోలక్స్ 1925లో తయారీ మొదలుపెడితే, అమెరికాలో ఓహియో నది ఒడ్డున ఉన్న ఎవాన్స్‌విల్‌లో సర్వెల్ కంపెనీ అందుకుంది. కరెంటు లేని పల్లెలకు కిరోసిన్ ఫ్రిజ్‌లు పంపింది. భౌతికశాస్త్రవేత్తలు ఐన్‌స్టైన్, సిలార్డ్ కూడా కదిలే భాగాలు లేని ఫ్రిజ్‌కి పేటెంటు తీసుకున్నారు, అది మాత్రం బజారుకు రాలేదు. 1933లో పుట్టిన టెనెసీ వ్యాలీ అథారిటీ ఆనకట్టలు కట్టి కరెంటు తెచ్చాక మంట ఫ్రిజ్‌కి ఇళ్లలో చోటు పోయింది. అవే ఆనకట్టల సరస్సుల ఒడ్డుకు అది ఆర్‌వీలో తిరిగొచ్చింది.

ఇప్పుడు 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లు దీన్ని తరుముతున్నాయి. ఇచ్చిన వేడిలో పావు వంతు మేర మాత్రమే చలి పుట్టించే యంత్రం ఎందుకన్న ప్రశ్న సరైనదే. కరెంటు ప్లగ్గు ఉన్న క్యాంపులో, అందులోనూ ఉక్కలో, కంప్రెసర్‌దే పైచేయి. కానీ ప్లగ్గు లేని చోట, ఒక్క సిలిండర్‌తో, అతి తక్కువ బ్యాటరీతో రోజుల తరబడి చలినిచ్చే పని దీనికే బాగా చేతనవును. అమెరికాలో ఉండి వేసవిలో ఆర్‌వీ అద్దెకు తీసుకునే మనవాళ్లు ముందురోజు రాత్రే ఫ్రిజ్ వేసి ఉంచండి, బండిని మట్టం చూసి నిలపండి, ఫ్రిజ్ ఉన్న వైపు నీడలో పెట్టండి, వెనక గూటిలో చిన్న ఫ్యాను బిగించి ఉందో లేదో అడగండి, తలుపు తక్కువసార్లు తీయండి.