ప్రపంచ వేదికపై దేశగీతం: మదనపల్లె స్వరలిపి, అభిప్రాయ భేదాలు

1947లో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ సమావేశాల సందర్భంగా, వాద్యబృందం వాయించడానికి జాతీయగీతం ఇవ్వవలసిందిగా భారత ప్రతినిధి బృందాన్ని కోరారు. అప్పటికి దేశానికి అధికారిక గీతమేదీ నిర్ణయం కాలేదు. ప్రతినిధులు తమ వద్ద ఉన్న ‘జనగణమన’ రికార్డును అందించారు. వాద్యబృందం దాన్ని సాధన చేసి వినిపించగా, పలు దేశాలవారు ఆ బాణీని మెచ్చి స్వరలిపి కావాలని అడిగారు. 1948 ఆగస్టు 25న రాజ్యాంగ సభలో నెహ్రూ ఈ సంగతి వివరించారు.

ఆ ఎంపికను అందరూ అంగీకరించలేదు. జాతీయోద్యమంతో పెనవేసుకున్న ‘వందేమాతరం’ను కాదని మరో పాటను పంపడమేమిటన్న ప్రశ్న బలంగా వినిపించింది. ప్రాంతీయ గవర్నర్లలో సెంట్రల్ ప్రావిన్సెస్ గవర్నరు తప్ప అందరూ ‘జనగణమన’ను సమ్మతించగా, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ‘వందేమాతరం’ వైపు మొగ్గింది. రెండు పాటలూ వంగకవులవే కావడం ఇక్కడ గమనార్హం. జాతీయగీతానికి మాటలకన్నా బాణీ ముఖ్యమని, విదేశాలలో వాద్యబృందాలు వాయించడానికి అది అనువుగా ఉండాలని నెహ్రూ వాదం. దీనికి జవాబుగా మాస్టర్ కృష్ణారావు ‘వందేమాతరం’కు బ్యాండు బాణీ కూర్చి ప్రదర్శించారు.

బ్యాండుకు ఒదగడం పాటకు పుట్టుకతో వచ్చే గుణం కాదు. ఎవరో పూనుకొని దాన్ని స్వరలిపిలోకి దించాలి. కృష్ణారావు కృషి నిరూపించినది ఇదే. ‘జనగణమన’ విషయంలో అలాంటి పని మూడు దశాబ్దాల ముందే చిత్తూరు జిల్లా పడమటి సీమలో జరిగింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఆహ్వానంపై మదనపల్లెలోని బీసెంట్ థియోసాఫికల్ కళాశాలకు వచ్చారు. అక్కడ స్వయంగా పాడి వినిపించిన ఈ గీతాన్ని ఫిబ్రవరి 28న ఆంగ్లంలోకి అనువదించారు. ఐర్లండులో పాశ్చాత్య సంగీతం అభ్యసించిన మార్గరెట్ కజిన్స్ స్వరలిపి సిద్ధం చేశారు. పాట కళాశాల ప్రార్థనాగీతమైంది. బాణీయే మదనపల్లెలో పుట్టిందని తరచూ వినిపించే మాట మాత్రం అతిశయోక్తి. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలోనే ఈ గీతం పాడారు.

‘వందేమాతరం’లోని మొదటి రెండు చరణాలకే పరిమితం కావాలని 1937 అక్టోబరులో కాంగ్రెసు కార్యవర్గం సూచించినప్పుడు, మరుసటి నెలలోనే జేమ్స్ కజిన్స్ ‘జనగణమన’ను జాతీయగీతంగా ధ్రువపరచాలని బహిరంగంగా కోరారు. అది సుమారు ఇరవై ఏళ్లుగా అనధికారికంగా ఆ స్థానంలోనే ఉందని ఆయన వాదం. కళాశాల ప్రార్థనలో కలిగిన అనుభవమే ఆ మాటకు ఆధారమై ఉండాలి.

సాహిత్యపరంగా మరో కోణం ఉంది. ప్రాంతనామాలను వరుసగా పేర్కొనే ఈ గీతంలో ‘ఆంధ్ర’ పదం లేదు. తెలుగునేల ‘ద్రావిడ’లోనే ఇమిడిపోయింది. మదనపల్లె, పుంగనూరు మొదలుకొని కుప్పం దాకా తెలుగు, కన్నడం, తమిళం ఇరుగుపొరుగుగా మెలగే ఈ సీమలో ఆ పదం కేవలం కవిసమయం కాదు. 1997లో కుప్పంలో నెలకొన్న విశ్వవిద్యాలయం ఆ పేరే పెట్టుకుంది.

1950 జనవరి 24న రాజేంద్రప్రసాద్ ‘జనగణమన’ను జాతీయగీతంగా ప్రకటిస్తూ ‘వందేమాతరం’కు సమాన గౌరవం కల్పించారు. అది అధ్యక్షుని ప్రకటనే. సభ ముందు తీర్మానం పెట్టలేదు.