జడ కొస వయసు ఆరేళ్ళు

తల దువ్వుకున్నాక దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకల్ని ఉండ చుట్టి పారేసే ముందు, ఒక్కదాన్ని విడదీసి వెలుతురులో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. ఒక చివర సన్నటి తెల్లని బుడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడిన వెంట్రుక. దాని ఆయుష్షు తీరింది, రాలాల్సిందే రాలింది. రోజుకు 50 నుంచి 100 దాకా ఇలా రాలినా కంగారు పడనక్కర్లేదు. రెండు చివర్లా బుడిపె లేకుండా, జడ పొడవులో సగమో పావో మాత్రమే ఉందంటే అది మధ్యలో తెగిన వెంట్రుక. దీన్ని మాత్రం మన చేతులారా పోగొట్టుకుంటున్నాం. పొడుగు జడ కావాలనుకునే ఆడవాళ్ళలో చాలామంది ‘భుజాలు దాటాక ఇక పెరగట్లేదు’ అంటారు. నిజానికి వాళ్ళ జుట్టు పెరుగుతూనే ఉంటుంది, పైన ఎంత పెరుగుతోందో కింద అంతా తెగిపోతోంది. పొడుగు జుట్టు పెంచితే వచ్చేది కాదు, కాపాడుకుంటే మిగిలేది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మనం జుట్టు మీద పెట్టే ఖర్చూ శ్రమా దారి మారుతాయి.

ముందు లెక్క చూద్దాం. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు, కొందరికి కాస్త ఎక్కువ పెరుగుతుంది. అంటే ఏడాదికి 12 నుంచి 15 సెంటీమీటర్లు. నడుము దాకా వేలాడే 75 సెంటీమీటర్ల జుట్టు ఉందంటే, దాని కొస తలలోంచి బయటికొచ్చి అయిదారేళ్ళయింది. వారానికి రెండు తలస్నానాల చొప్పున ఆ కొస అయిదారు వందల సార్లు నీళ్ళలో నానింది. రోజూ దువ్వెన పళ్ళ మధ్య నలిగింది. ఎండను, బండి మీద గాలిని, దిండు రాపిడిని భరించింది. పైగా కుదురు దాటి బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణమున్న కణం ఒక్కటీ ఉండదు. చర్మం గీరుకుపోతే మానుతుంది, వెంట్రుక చిట్లితే మానదు. ఏ నూనె అయినా, ఎంత ఖరీదైన సీరమ్ అయినా చిట్లిన కొసను కాసేపు అతికినట్టు కనబడేలా చేస్తుందే గానీ నయం చేయలేదు. ఇంత వయసు మీద పడిన భాగాన్నే మనం అన్నిటికన్నా తక్కువ పట్టించుకుంటాం. నూనె, మందారాకు ముద్ద, నానబెట్టి రుబ్బిన మెంతులు, గుంటగలగరాకు రసం, అన్నీ మాడు దగ్గరే ఆగిపోతాయి. చివర్లకు దక్కేది అరచేతికి మిగిలిన జిడ్డు.

ఒక్కో వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులాంటిది. ఒకదాని మీద ఒకటి ఎక్కించిన సన్నని పొలుసులు, అన్నీ కొస వైపుకే వాలి ఉంటాయి. అవి సమంగా పడుకుని ఉన్నంతకాలం జుట్టు మెరుస్తుంది, చిక్కు పడదు. అవి లేచినా, ఊడినా లోపలి పోగులు బయటపడతాయి, కొస రెండుగా చీలుతుంది. నీళ్ళలో నానినప్పుడు వెంట్రుక ఉబ్బుతుంది, ఆరినప్పుడు తగ్గుతుంది. ఏళ్ళ తరబడి సాగే ఈ ఉబ్బడం, తగ్గడం కూడా పొలుసుల్ని వదులు చేస్తుంది. కొబ్బరినూనె నిజంగా పనికొచ్చేది ఇక్కడే. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. తలస్నానంలో వెంట్రుక కోల్పోయే ప్రొటీన్‌ను గట్టిగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం అణువులు చిన్నవి, తిన్ననివి కావడంతో వెంట్రుక లోపలికి ఇంకగలవు. ఆ పరిశోధన చేసినవారు కొబ్బరినూనె అమ్మే కంపెనీ ఉద్యోగులే కాబట్టి దాన్ని కళ్ళు మూసుకుని నమ్మమనడం లేదు. కానీ కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుందన్న సంగతి ఆ తర్వాతి పరీక్షల్లోనూ కనబడింది. ఇంతకీ ఆ నూనె చేసిన మేలు వెంట్రుక కాడకే. అది జుట్టును మొలిపించలేదు. కాబట్టి తలంటుకు ముందురోజు రాత్రో, కనీసం గంట ముందో, జడ మధ్య నుంచి చివరి దాకా పట్టించడమే సరైన వాడకం. చుండ్రు ఉన్నవాళ్ళు మాడుకు నూనె దట్టంగా పట్టించడం మాత్రం మానుకోవాలి. ‘మాడు ఎండిపోయి పొట్టు రాలుతోంది, నూనె పెట్టు’ అని ఇళ్ళలో చెప్పే మాట ఎక్కువసార్లు తప్పే అవుతుంది. చుండ్రుకు కారణమైన శిలీంధ్రం మాడు మీది జిడ్డులోని, నూనెల్లోని కొవ్వు తినే బతుకుతుంది.

చేతుల సంగతికి వద్దాం, తెగిపోవడంలో ఎక్కువ భాగం అక్కడే జరుగుతుంది. తడి వెంట్రుక పొడి వెంట్రుక కన్నా బలహీనం. లాగితే సాగుతుంది, ఇంకా లాగితే తిరిగి యథాస్థితికి రాదు, పుటుక్కున తెగుతుంది. తలస్నానం కాగానే, ఆఫీసుకో కాలేజీకో ఆలస్యమవుతోందని సన్నపళ్ళ దువ్వెనతో పాపిడి నుంచి కిందికి ఒక్క ఊపున లాగడం కన్నా జుట్టుకు పెద్ద శత్రువు లేదు. అలా లాగినప్పుడు పైనున్న చిన్న చిన్న చిక్కులన్నీ కిందికి జారి ఒకే ముడిగా బిగుస్తాయి, ఆ ముడిని తెంపకుండా దాటడం ఎవరివల్లా కాదు. చేయాల్సింది తలకిందుల పని. జుట్టును రెండు మూడు పాయలుగా విడదీసి, ఒక పాయను చివరికి జానెడు పైన పిడికిట్లో బిగించి పట్టుకోవాలి. అప్పుడు లాగుడు కుదురు దాకా పోదు. ముందు వేళ్ళతో, తర్వాత వెడల్పాటి పళ్ళ దువ్వెనతో ఆ జానెడూ విప్పి, పిడికిలి మరో జానెడు పైకి జరపాలి. మాడు దగ్గరికి వచ్చేసరికి చిక్కులేమీ మిగలవు. ఉంగరాల జుట్టు వాళ్ళు పొడిగా ఉన్నప్పుడు దువ్వితే జుట్టు రేగిపోతుంది. వాళ్ళు కండిషనర్ జారుడు ఉండగానే, తడిలోనే వేళ్ళతో విడదీసుకోవడం మేలు. దళసరి టవల్‌తో రుద్దే బదులు పాత నూలు చీర ముక్కతో అద్దితే చాలు. డ్రయర్ మీద మనకున్న భయం మాత్రం కాస్త ఎక్కువే. 2011లో కొరియా పరిశోధకులు చేసిన పరీక్షలో డ్రయర్ వేడి పైపొరను కొంత దెబ్బతీసింది నిజమే. అయితే 15 సెంటీమీటర్ల దూరం నుంచి, ఒకేచోట ఆపకుండా కదుపుతూ ఆరబెట్టినప్పుడు జరిగిన మొత్తం నష్టం, గంటల తరబడి తడిగా వదిలేసిన దానికన్నా తక్కువని తేల్చారు. 200 డిగ్రీల దాకా కాలే స్ట్రెయిట్నర్‌కు ఈ మినహాయింపు లేదు. తడి జుట్టు మీద దాన్ని పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలోనే బుడగలు లేస్తాయి, అక్కడే విరుగుతుంది.

ఈ రాపిడి అంతటికీ మన ఆడవాళ్ళు ఎప్పుడో కనిపెట్టిన విరుగుడు మూడుపాయల జడ. జడను మనం అలంకారంగానే చూస్తాం గానీ, అది మంచి రక్షణ కూడా. విరబోసుకున్న జుట్టులో ప్రతి వెంట్రుకా విడివిడిగా గాలికి, దుమ్ముకు, చున్నీకి, బ్యాగు పట్టీకి రాసుకుంటుంది. జడలో ఆ రాపిడి పడేది పైకి కనబడే కొన్నిటికే. చివర్లు ఒకదాన్నొకటి కాచుకుంటాయి. రాత్రి పడుకునేటప్పుడు వదులుగా ఒక జడ అల్లుకుని, దిండు మీద పాత పట్టుచీర ముక్క వేసుకుంటే పొద్దున చిక్కు తీసే పని సగానికి తగ్గుతుంది. ఇంత పొడుగు జుట్టుకు ఈ రోజుల్లో తీరికెక్కడిది అనేవాళ్ళకూ జవాబు ఇదే. సమయం తినేది పొడవు కాదు, విరబోసుకోవడం. అయితే జడంటే బిగించి అల్లడమే అనుకుంటే మేలు కన్నా కీడే ఎక్కువ. బిగుతు వల్ల నుదుటి అంచు, కణతలు పలచబడే జబ్బును 1907లోనే గుర్తించారు, అదీ జుట్టును గట్టిగా వెనక్కి లాగి కట్టుకునే గ్రీన్‌లాండ్ ఆడవాళ్ళలో. బడిపిల్లలకు కళ్ళు పైకి లాగేంత బిగువుగా వేసే రెండు జడలు, రోజూ ఒకేచోట వేసే పోనీటెయిల్, పెళ్ళిలో గంటల తరబడి మోసే పూలజడ బరువు, అన్నిటిదీ ఒకటే దెబ్బ. జడ వేశాక కణత దగ్గర నొప్పి పుట్టినా, అంచున చిన్న చిన్న పొక్కులు లేచినా వెంటనే వదులు చేయాలి. మొదట్లోనే మానుకుంటే జుట్టు మళ్ళీ వస్తుంది, ఏళ్ళ తరబడి సాగితే కుదుళ్ళు శాశ్వతంగా పూడిపోతాయి. వట్టి రబ్బరు బ్యాండుకు బదులు గుడ్డ చుట్టినది వాడడం, పాపిడి అప్పుడప్పుడు మార్చడం, పెళ్ళికూతురికి పూలజడ బరువు కుదుళ్ళ మీద పడకుండా కొప్పు ఆధారంగా కట్టించడం ఖర్చులేని జాగ్రత్తలు.

పొడుగు జుట్టు కాపాడుకుంటేనే మిగులుతుందన్న మాటకు మొదటి అభ్యంతరం అమ్మమ్మల పేరుతోనే వస్తుంది. కుంకుడుకాయ రసం, ఆముదం తప్ప ఏమీ ఎరగని వాళ్ళకు మోకాళ్ళ దాకా జడలుండేవి కదా అంటారు. కొందరికి ఉండేవి, కాదనలేం. కానీ పాత పెళ్ళి ఫొటోల్లో కనిపించే జడలన్నీ సొంతవి కావు. సవరం అనే వస్తువు ఇంటింటా ఉండేదంటేనే పొడుగు జుట్టు అందరికీ లేదని అర్థం. కూచిపూడి భామాకలాపంలో అంత పేరున్న సత్యభామ జడ కూడా, ఆ వేషానికి ప్రసిద్ధుడైన వేదాంతం సత్యనారాయణ శర్మ వంటి మగవారు కట్టినప్పుడు సవరమే. ఇలా జోడించుకునే జుట్టుకు ఈ రోజుకీ గిరాకీ ఉంది, తిరుమల కల్యాణకట్టలో పోగైన తలనీలాలను పొడవును బట్టి వేరుచేసి వేలం వేస్తారు. ఇక నిజంగానే పొడుగు జుట్టున్న ఆ ముసలమ్మల దినచర్య చూడండి. తలంటు వారానికి ఒక్కసారి. అంతకుముందు ఒళ్ళంతా, జుట్టంతా నూనె. కుంకుడు రసం జిడ్డును గట్టిగా లాగేస్తుంది, ముందు పట్టిన నూనె ఆ దెబ్బను కాచేది. తర్వాత సాంబ్రాణి పొగ, ఆరాక జడో ముడో, మళ్ళీ వారం దాకా జుట్టు విప్పే పని తక్కువ. వాళ్ళకు కలిసొచ్చింది ఏదో మూలిక అని నేననుకోను. వాళ్ళు జుట్టును ముట్టుకోవడమే తక్కువ.

రెండో అభ్యంతరం వంశానిది, ఇది బలమైనది. ఒక వెంట్రుక ఎన్నేళ్ళు పెరిగి రాలాలన్నది చాలావరకు పుట్టుకతోనే నిర్ణయమవుతుంది. మామూలుగా అది 2 నుంచి 7 ఏళ్ళు. మూడేళ్ళకే రాలే వెంట్రుకను ఎంత జాగ్రత్తగా చూసినా మూరెడు జడ దగ్గరే ఆగుతుంది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన స్మితా శ్రీవాస్తవ జుట్టును గిన్నిస్ వారు 2023లో కొలిస్తే 236.22 సెంటీమీటర్లుంది. ఏ జాగ్రత్తా ఆ పొడవును అందరికీ ఇవ్వలేదు. అయితే ఆమె తన పద్నాలుగో ఏట జుట్టు కత్తిరించడం మానేశారు, వారానికి రెండుసార్లే తలస్నానం చేస్తారు, చిక్కులు చేత్తో విడదీసుకుంటారు. వంశం ఇచ్చింది అవకాశమే, దాన్ని నిలబెట్టింది ఆ ఓపిక. మనలో ఎక్కువమందిమి వంశం గీసిన గీత దాకా వెళ్ళనే వెళ్ళం. నడుము దాకా రావలసిన జుట్టు వీపు మధ్యలోనే తెగుతుంటే అమ్మనీ అమ్మమ్మనీ తప్పుపట్టి లాభం లేదు.

కత్తిరిస్తే వేగంగా పెరుగుతుందనే నమ్మకం ఇంకా పోలేదు. కత్తెర పడేది చివర, పెరిగేది కుదుట్లో, రెంటికీ సంబంధం లేదు. చిట్లిన కొస పైపైకి చీలుతూ పోతుంది కాబట్టి మూడు నాలుగు నెలలకు ఒక సెంటీమీటరు తీయించడం మంచిదే. రెండు నెలలకోసారి రెండంగుళాలు తీయిస్తే, అంటే అయిదు సెంటీమీటర్లు, ఆ రెండు నెలల్లో పెరిగేది రెండు రెండున్నరే కనుక జుట్టు ఏటికేడు పొట్టి కావలసిందే. జుట్టు పెరుగుతుందని మింగే బయోటిన్ బిళ్ళలు కూడా ఆ విటమిన్ లోపం ఉన్నవాళ్ళకే పనిచేస్తాయి. పెద్ద మోతాదులో తింటే థైరాయిడ్, గుండె పరీక్షల ఫలితాలనే తారుమారు చేయగలవని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

ఇంతసేపూ చెప్పింది తెగే జుట్టు గురించి. దువ్వెనలో తెల్ల బుడిపె ఉన్నవే గుప్పెళ్ళకొద్దీ వస్తుంటే అది దువ్వెనతోనో నూనెతోనో తేలే వ్యవహారం కాదు. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరం, కాన్పు, పెద్ద ఆపరేషన్, ఉన్నట్టుండి కడుపు మాడ్చుకునే డైటింగ్, వీటి దెబ్బ రెండు మూడు నెలల తర్వాత జుట్టులో కనిపిస్తుంది. ఆ పాటికి అసలు కారణం మరిచిపోయి కొత్త షాంపూ మీదో, బోరు నీళ్ళ మీదో నింద వేస్తాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. మన ఆడవాళ్ళ జుట్టు గురించి మాట్లాడుతూ ఈ అంకెను దాటవేయడం అన్యాయం. ఇంట్లో అందరికీ వడ్డించి మిగిలింది తినే మనిషికి వెయ్యి రూపాయల హెయిర్ ఆయిల్ కొనిచ్చే బదులు హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి, ఆమె కంచంలో గుడ్డు, పప్పు, ఆకుకూర పడేలా చూడాలి. జ్వరం వల్లో కాన్పు వల్లో రాలినది చాలావరకు ఆరేడు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. అప్పుడు పాపిడి పక్కన, నుదుటి మీద నిక్కబొడుచుకుని కనిపించే పొట్టి వెంట్రుకలు కొత్తగా మొలుస్తున్నవి. చూడ్డానికి బాగాలేవని వాటిని పిన్నులతో బిగించొద్దు, జెల్‌తో అణచొద్దు, జడలోకి లాగి కలిపేయనూ వద్దు. వాటికవే కిందికి వాలి జడలో కలిసే పొడవొచ్చేదాకా వదిలేయాలి.