విదేశాల్లో తెలుగువారి సంభాషణ: వ్యాకరణ దోషం, మర్యాదా దోషం

పరభాషలో దొర్లే పొరపాట్లన్నీ ఒకే కోవకు చెందవు. వక్త ఉద్దేశాన్ని శ్రోత వేరొక విధంగా గ్రహించడాన్ని భాషావేత్త జెన్నీ థామస్ 1983లో వెలువరించిన వ్యాసంలో ‘ప్రాగ్మాటిక్ ఫెయిల్యూర్’ అని పేర్కొని, దానిని రెండు విధాలుగా విభజించారు.

మొదటిది భాషాపరమైనది. సెలవు తీసుకునేటప్పుడు ‘పోతాను’ అనడం అశుభమని తెలుగువారు ‘వెళ్లొస్తాను’, ‘వస్తాను’ అంటారు. దీనినే ఇంగ్లీషులో ‘ఐ విల్ కమ్’ అంటే, ఇంటివారు ఆ అతిథి తిరిగి వస్తాడని ఎదురుచూడవలసి వస్తుంది. అలాగే ‘ఇవ్వండి’ అనే క్రియారూపంలోనే గౌరవం ఇమిడి ఉంది. ఇంగ్లీషు క్రియకు అట్టి ప్రత్యయం లేనందున, ‘గివ్ మీ’ అన్నప్పుడు విన్నపం ఆజ్ఞగా ధ్వనిస్తుంది.

రెండవది సామాజికమైనది. వడ్డించబోతే తొలుత ‘వద్దండీ’ అనడం తెలుగింట మొహమాటం. మళ్లీ అడుగుతారన్న భరోసా అందులో ఉంటుంది. అమెరికాలో సాధారణంగా ఆ మాటనే తుది నిర్ణయంగా స్వీకరిస్తారు; అతిథి ఆకలితోనే లేస్తాడు.

వ్యాకరణ దోషాన్ని శ్రోత భాషాజ్ఞాన లోపంగా భావించి మన్నిస్తాడు. మర్యాదా దోషాన్ని స్వభావ దోషంగా ఎంచుతాడు. ధారాళంగా మాట్లాడేవారికే ఈ ప్రమాదం అధికం. వారికి భాష రాదని ఎవరూ అనుకోరు. కనుక ఇంగ్లీషు బోధనలో వాక్యనిర్మాణంతో పాటు సందర్భోచిత మర్యాదకూ స్థానం కల్పించడం ఆవశ్యకం.